నష్టం ఎవరి లెక్కలో పడుతుంది? హలాల్ ముద్ర చెప్పేవి, చెప్పలేనివి

నెల్లూరు జిల్లాలో ముత్తుకూరు, ఇందుకూరుపేట, విడవలూరు వైపు, ప్రకాశంలో సింగరాయకొండ, కొత్తపట్నం వైపు సముద్రం పక్కన ఎటు చూసినా రొయ్యల గుంటలే. 2009లో వనామీ రకానికి మన దేశంలో అనుమతి వచ్చాక ఈ సాగు ఎంతగా పెరిగిందో ఇక్కడివాళ్లకు కొత్తగా చెప్పక్కర్లేదు. ఈ రొయ్య హలాలేనా, అంటే ఇస్లాం ప్రకారం తినదగినదేనా అని అడిగితే మాత్రం చాలామంది ఆశ్చర్యపోతారు. గొంతు కోయడం అనేదే లేని దానికి హలాల్ ఏమిటని అడుగుతారు. కానీ హలాల్ పరిశ్రమ, ఇస్లామిక్ ఆర్థికశాస్త్రం అని పెద్ద పెద్ద పేర్లతో వినిపించే రెండు విషయాలు ఎక్కడ కలుస్తాయో, ఎక్కడ విడిపోతాయో తెలుసుకోవడానికి ఈ ఒక్క గుంట చాలు. దాని గట్టు మీద నిలబడితే నాలుగు వేర్వేరు ప్రశ్నలు ఎదురవుతాయి.

మొదటిది, తినొచ్చా లేదా. సముద్రపు వేటను ఖురాన్ (5:96) అనుమతించింది. సున్నీ ముస్లింల నాలుగు న్యాయ సంప్రదాయాల్లో షాఫియీ, మాలికీ, హంబలీ దీన్ని విశాలంగా తీసుకున్నాయి. హనఫీ సంప్రదాయం మాత్రం నీటి జీవుల్లో చేపకే అనుమతి అంటుంది. మన రెండు జిల్లాల ముస్లింలలో ఎక్కువమంది హనఫీలే. అందువల్ల రొయ్యను చేపల్లో లెక్కేయాలా వద్దా అన్నది ఇక్కడ వట్టి పుస్తకాల చర్చ కాదు. 2018లో హైదరాబాద్‌లోని జామియా నిజామియా మతవిద్యా సంస్థ నుంచి రొయ్య తినకూడదన్న ఫత్వా వచ్చినప్పుడు పత్రికల్లో పెద్ద చర్చే జరిగింది. అదే హనఫీ సంప్రదాయంలో, జనం వాడుకలో రొయ్యను చేపగానే చూస్తారు కాబట్టి తినొచ్చన్న పండితులూ చాలామంది ఉన్నారు.

రెండోది, రొయ్యకు వేసే మేతలో ఏముంది, ప్రాసెసింగ్ ప్లాంటులో ఏం కలుస్తోంది, అదే లైను మీద ఇంకేం నడుస్తోంది. ఎగుమతికి సర్టిఫికెట్ ఇచ్చే సంస్థ చూసేది ఇది.

మూడోది, నీళ్లలో ఉన్న సరుకును అమ్మడం. నీటిలో ఉన్న చేపను కొనవద్దు, అందులో ఏముందో తెలియదు అన్న మాట ప్రవక్త సహచరుడు ఇబ్న్ మసూద్ పేరుతో వస్తోంది. కొనేవాడికీ అమ్మేవాడికీ సరుకు ఎంతో, ఎలాంటిదో తెలియని బేరాన్ని ఇస్లామిక్ న్యాయశాస్త్రం ‘ఘరర్’ అంటుంది. మన దగ్గర మామూలుగా వల వేసి కౌంట్ (కిలోకు ఎన్ని రొయ్యలు) చూసి, కిలోకు ఇంత అని రేటు మాట్లాడుకుని, పట్టాక తూకం వేస్తారు. అందులో ఇబ్బంది లేదు. గుంట మొత్తాన్ని అంచనా మీద గుత్తగా అమ్మేస్తే మాత్రం అది ఘరర్ కిందికి వస్తుంది.

నాలుగోది అప్పు. అసలు చిక్కంతా ఇక్కడే ఉంది.

మేత డీలరు నగదుకైతే బస్తా 2,000కు ఇస్తాడు, పంట పట్టాక కడతానంటే 2,200 అంటాడు అనుకుందాం. ఇది వడ్డీ కదా అని మనకు అనిపిస్తుంది. నాలుగు సున్నీ సంప్రదాయాల్లోనూ ఎక్కువమంది న్యాయవేత్తలు దీన్ని వ్యాపారం కిందే లెక్కేశారు. ఒకటే షరతు, బేరం కుదిరేటప్పుడే రెండు ధరల్లో ఏదో ఒకటి ఖాయం కావాలి. అరువుకు 2,200 అని ఒప్పుకున్నాక ఆ అంకె ఇక పెరగకూడదు. పంట ఆలస్యమై రైతు రెండు నెలలు గడువు అడిగితే, డీలరు ‘సరే, బాకీ మీద నూటికి రెండు రూపాయలు వేసుకుంటా’ అన్నాడా, అప్పుడు అది రిబా అవుతుంది, అంటే నిషిద్ధమైన వడ్డీ. అదే పుస్తకంలో మొదటి లైను వ్యాపారం, రెండో లైను రిబా. ఇంకో మెలిక కూడా ఉంది. మేత అరువిచ్చిన డీలరే ‘సరుకు నాకే పోయాలి, నేను చెప్పిన రేటుకే’ అంటే, అప్పును అడ్డం పెట్టుకుని లాభం లాగడం అవుతుంది. అప్పును, అమ్మకాన్ని ఒకదానికొకటి ముడిపెట్టవద్దని హదీసు, అంటే ప్రవక్త మాటగా నమోదైనది, స్పష్టంగానే చెబుతోంది.

ఇప్పుడు ఈ నాలుగు ప్రశ్నలనూ పక్కపక్కన పెట్టి చూడండి. రొయ్య ప్యాకెట్ మీద వేసే హలాల్ ముద్ర మొదటి రెండింటికే జవాబు చెబుతుంది. ఆ రొయ్యను పెంచిన రైతు ఎలాంటి అప్పులో ఉన్నాడో, గుంటలో తెల్లమచ్చ వైరస్ వచ్చి సరుకంతా పోతే ఆ నష్టం ఎవరు మోశారో ముద్రకు తెలియదు. ఇస్లామిక్ ఆర్థిక ఆలోచనకు ప్రాణమైన ప్రశ్న మాత్రం ఆ చివరిదే. గత అర్ధ శతాబ్దంలో ముద్రల పరిశ్రమ బ్రహ్మాండంగా పెరిగింది, నష్టాన్ని పంచుకునే పద్ధతి పెరగలేదు. ఈ రంగం మీద జరిగిన పరిశోధన చదివాక నాకు అర్థమైంది ఇదే.

ముద్ర ఎందుకు పుట్టింది

మన పల్లెల్లో హిందువుల ఇళ్లలో మొక్కుబడికి పొట్టేలు కోసేటప్పుడు కూడా ఊళ్లోని సాయెబును పిలిచి కోయించే ఆనవాయితీ చాలా చోట్ల ఉండేది. కోసినందుకు ఆయనకు ఇంత వాటా ఇచ్చేవారు. అల్లా పేరు చెప్పి, పదునైన కత్తితో గొంతునూ శ్వాసనాళాన్నీ మెడలోని పెద్ద రక్తనాళాలనూ తెంపి, రక్తం పూర్తిగా కారనివ్వాలి. పొట్టేలు ఎవరిదో, కోసింది ఎవరో అందరి కళ్ల ముందే ఉండేది కాబట్టి కాగితం అవసరం ఎవరికీ రాలేదు.

ఫ్యాక్టరీ వచ్చాక తినేవాడికీ తయారుచేసేవాడికీ మధ్య దూరం పెరిగింది. మందు మీది క్యాప్సూల్ తొడుగు జెలటిన్‌ది, ఆ జెలటిన్ పశువు ఎముకల నుంచో పంది చర్మం నుంచో రావచ్చు. చీజ్ గడ్డకట్టడానికి వాడే రెన్నెట్ దూడ కడుపు నుంచి రావచ్చు. బిస్కెట్‌లో ఎమల్సిఫయర్ నూనెగింజల నుంచి వచ్చిందా, జంతువు కొవ్వు నుంచి వచ్చిందా అన్నది రుచి చూస్తే తెలియదు. శాకాహార బిస్కెట్‌కు హలాల్ ముద్ర దేనికని సోషల్ మీడియాలో తరచూ అడుగుతుంటారు. అడగాల్సిన ప్రశ్నే. దానికి సగం జవాబు ఇక్కడుంది. మిగతా సగం ఏమిటంటే, ముద్ర అవసరం లేని సరుకులకు కూడా ముద్ర అమ్మే సంస్థలు తయారయ్యాయి, వాటిని నిలదీయాల్సిందే.

ఈ చిక్కు ఎంత లోతుకు పోతుందో ఇండోనేసియా చూపించింది. ఆహారంలో పంది కొవ్వు కలుస్తోందన్న పుకారుతో 1988లో అక్కడి మార్కెట్ అల్లకల్లోలమైంది. మరుసటి ఏడాది అక్కడి ఉలమా (మతపండితుల) మండలి ఆహార పరీక్షల సంస్థను పెట్టింది. 2001లో అజినొమొటో వ్యవహారం ఇంకా పెద్దదైంది. టేస్టింగ్ సాల్ట్‌ను బ్యాక్టీరియాతో తయారుచేస్తారు. ఆ బ్యాక్టీరియాకు పెట్టే సోయా పోషకాన్ని విడగొట్టడానికి పంది నుంచి తీసిన ఎంజైమ్ వాడారని తేలింది. చివరి సరుకులో దాని జాడ లేదు. అయినా ఉలమా మండలి హరామ్, అంటే నిషిద్ధం, అంది. అప్పటి అధ్యక్షుడు అబ్దుర్రహ్మాన్ వాహిద్ స్వయంగా మతపండితుడు, ఆయన హలాలే అన్నారు. కంపెనీ సరుకును మార్కెట్ నుంచి వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది. దీని వెనక న్యాయశాస్త్రంలో పాత చర్చ ఒకటుంది. ఒక పదార్థం పూర్తిగా మారిపోతే, ద్రాక్షసారా పులిసి వెనిగర్ అయినట్టు, దాని తీర్పు కూడా మారుతుందా? మారుతుందని కొందరు, పంది నుంచి వచ్చినదానికి ఈ మినహాయింపు చెల్లదని కొందరు అంటారు. అందుకే ఒక దేశంలో చెల్లిన సర్టిఫికెట్ ఇంకో దేశంలో చెల్లదు. కోడిని కోసే ముందు కరెంటుతో స్పృహ తప్పించడం మీదా, యంత్రంతో కోయడం మీదా ఇలాగే ఏకాభిప్రాయం లేదు.

మలేషియాలో సర్టిఫికెట్ ఇచ్చేది ప్రభుత్వ శాఖ అయిన జాకిమ్. ఇండోనేసియా 2014లో చట్టం చేసి, ఆహార పానీయాలకు 2024 అక్టోబర్ 17 నుంచి తప్పనిసరి చేసింది. చిన్న ఉత్పత్తిదారులకు 2026 దాకా గడువిచ్చింది. మన దగ్గర ఆహార భద్రతకు ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఉంది కానీ హలాల్ ముద్ర ప్రభుత్వానిది కాదు, ప్రైవేటు సంస్థలదీ ట్రస్టులదీ. మాంసం ఎగుమతుల వరకు కేంద్రం ఒక పద్ధతి పెట్టింది. క్వాలిటీ కౌన్సిల్ నడిపే పథకం కింద గుర్తింపు పొందిన సంస్థల సర్టిఫికెట్ ఉంటేనే సౌదీ, యూఏఈ, మలేషియా లాంటి 15 దేశాలకు హలాల్ మాంసంగా పంపాలన్న నిబంధన 2024 అక్టోబర్‌లో అమల్లోకి వచ్చింది. దానికి ఏడాది ముందు, 2023 నవంబర్‌లో ఉత్తరప్రదేశ్ ప్రభుత్వం ఎగుమతులు మినహా హలాల్ ముద్ర ఉన్న సరుకుల తయారీ, నిల్వ, అమ్మకాలను నిషేధించింది. అది సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. ముద్ర ఇచ్చే సంస్థ ఏం తనిఖీ చేసింది, ఎంత ఫీజు తీసుకుంది అన్నవి బహిరంగంగా పెట్టించడం ప్రభుత్వం చేయగలిగిన పని. అది వదిలేసి ముద్రనే నేరం చేస్తే, తను తినేదాంట్లో ఏముందో తెలుసుకునే హక్కు తినేవాడికి పోతుంది. దీన్ని నేను ఒప్పుకోలేను.

ఇక ‘హలాల్ మార్కెట్ రెండు లక్షల కోట్ల డాలర్లు’ అనే అంకె. ఇది దినార్‌స్టాండర్డ్ అనే సంస్థ నివేదికల నుంచి వస్తుంది. 2021లో ప్రపంచ ముస్లింలు ఆహారం, బట్టలు, మందులు, కాస్మెటిక్స్, ప్రయాణాలు, మీడియా మీద పెట్టిన ఖర్చు అంతా కలిపితే అంత. అంటే కావలిలో ఒక ముస్లిం కుటుంబం కిలో టమాటాలు కొన్నా, రంజాన్‌కు చొక్కా కుట్టించుకున్నా ఆ లెక్కలోకే వస్తుంది. హలాల్ సర్టిఫికెట్ ఉన్న సరుకుల విలువ అది కాదు. పెట్టుబడి కోసం వచ్చేవాళ్లు ఈ అంకెను చూపిస్తే ఈ తేడా గుర్తుపెట్టుకోవాలి.

హైదరాబాద్‌లో మొలిచిన శాస్త్రం

ఇస్లామిక్ ఆర్థికశాస్త్రం గల్ఫ్ చమురు డబ్బుతో పుట్టిందని చాలామంది అనుకుంటారు. డబ్బు అక్కడిదే, కానీ ఆలోచనలో పెద్ద భాగం మన పక్కన మొలిచింది. 1930, 40లలో హైదరాబాద్ ఉస్మానియా విశ్వవిద్యాలయంలో మనాజిర్ అహ్సన్ గీలానీ, ఆర్థికశాస్త్ర ఆచార్యుడు అన్వర్ ఇక్బాల్ ఖురేషీ, న్యాయశాస్త్రం చెప్పిన ముహమ్మద్ హమీదుల్లా వడ్డీ మీద, ఆస్తి మీద, జకాత్ (సంపద మీద తప్పనిసరిగా ఇచ్చే దానం) మీద ఆధునిక భాషలో రాయడం మొదలుపెట్టారు. హైదరాబాద్ రాజ్యంలో 19వ శతాబ్దం చివరి నుంచే వడ్డీలేని పరస్పర సహాయ సంఘాలు నడిచాయని హమీదుల్లా నమోదు చేశారు. ఇస్లామిక్ ఆర్థిక ఆలోచనలో పెద్ద పేరైన మౌదూదీ పుట్టిన ఔరంగాబాద్ కూడా అప్పుడు నిజాం రాజ్యంలోదే.

ఆచరణ తర్వాత వచ్చింది. 1963లో ఈజిప్టులోని మిత్ గమ్ర్ పట్టణంలో అహ్మద్ అల్ నజ్జార్ రైతులూ చిన్న వ్యాపారులూ దాచుకునే వడ్డీలేని పొదుపు బ్యాంకు పెట్టారు. మలేషియాలో హజ్ యాత్రికుల పొదుపు సంస్థ కూడా అదే ఏడాది వచ్చింది. 1975లో దుబాయ్ ఇస్లామిక్ బ్యాంకు, ఇస్లామిక్ డెవలప్‌మెంట్ బ్యాంకు మొదలయ్యాయి. 1976లో మక్కాలో జరిగిన మొదటి అంతర్జాతీయ సదస్సుతో ఇది యూనివర్సిటీల్లో ఒక విభాగంగా నిలబడింది. ఇప్పుడు ఇస్లామిక్ ఫైనాన్స్ ఆస్తులు 3 లక్షల కోట్ల డాలర్లు దాటాయి.

మొదటితరం ఆలోచనాపరుల కల ఇది. బ్యాంకు అప్పు ఇవ్వకూడదు, భాగస్వామిగా దిగాలి. అందులో రెండు పద్ధతులు ముఖ్యం. ముదారబాలో ఒకరిది డబ్బు, ఇంకొకరిది శ్రమ. లాభం ముందే ఒప్పుకున్న నిష్పత్తిలో పంచుకుంటారు. నష్టం వస్తే డబ్బు పెట్టినవాడి డబ్బు పోతుంది, కష్టపడినవాడి కష్టం పోతుంది. ముషారకాలో ఇద్దరూ డబ్బు పెడతారు, నష్టం ఎవరి పెట్టుబడిని బట్టి వాళ్లకు. మన రొయ్యల గుంటకే చూద్దాం. పది లక్షల్లో ఆరు లక్షలు ఒకరివి, నాలుగు లక్షలు గుంట చూసుకునే రైతువి. లాభంలో సగం సగం అని రాసుకోవచ్చు, ఎందుకంటే రైతు రాత్రీ పగలూ కాపలా ఉంటాడు, నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్లు ఆగకుండా చూస్తాడు. వైరస్ వచ్చి మొత్తం పోతే మొదటివాడికి ఆరు, రైతుకు నాలుగు పోతాయి. రైతు నెత్తిన బాకీ మిగలదు. 1994, 95 ప్రాంతంలో తెల్లమచ్చ మన తీరంలో టైగర్ రొయ్యను తుడిచిపెట్టినప్పుడు రైతుల్ని ముంచింది పోయిన సరుకు ఒక్కటే కాదు, దాని వెనకున్న అప్పు కూడా. ఇవాళ కూడా బంధువులు, స్నేహితులు కలిసి వాటాల మీద గుంటలు వేస్తూనే ఉన్నారు. ముషారకా అన్న పేరు వినకుండానే వాళ్లు చేస్తున్నది అదే.

మరి ఇస్లామిక్ బ్యాంకులు ఇదే చేస్తున్నాయా? చాలా తక్కువ. వాళ్ల వ్యాపారంలో పెద్ద భాగం మురాబహా. కనిగిరిలో ఒకాయనకు ఆటో కావాలనుకోండి. బ్యాంకు మూడు లక్షలకు ఆటో కొని, మూడు లక్షల అరవై వేలకు ఆయనకు వాయిదాల మీద అమ్ముతుంది. ఆ ధర ఇక మారదు. వాయిదా ఆలస్యమైతే జరిమానా వేసినా అది బ్యాంకు లాభంలోకి పోకూడదు, దానానికి పోవాలి. ఆటో బ్యాంకు చేతిలో ఉన్న కాసేపు దానికేమైనా అయితే బ్యాంకుదే బాధ్యత. ఆ కాసేపటి బాధ్యతే దీన్ని వడ్డీ నుంచి వేరు చేస్తుంది. కాగితం మీద ఆ సమయాన్ని నిమిషాలకు కుదిస్తే మిగిలేది వడ్డీయే. తవర్రుక్ ఇంకా ముందుకు పోయింది. నగదు కావాల్సినవాడికి బ్యాంకు ఏదో లోహాన్ని లక్షా ఇరవై వేలకు అరువు మీద అమ్ముతుంది, అతని తరఫున తనే దాన్ని లక్షకు బయట అమ్మించి నగదు చేతిలో పెడుతుంది. లోహం గోదాములోంచి కదలదు. ఇలా బ్యాంకే ఏర్పాటు చేసే తవర్రుక్ చెల్లదని 2009లో ఇస్లామిక్ న్యాయపండితుల వేదిక అయిన అంతర్జాతీయ ఫిఖ్ అకాడమీ తీర్మానించింది. అంతకు రెండేళ్ల ముందు, ఈ రంగంలో అందరికన్నా గౌరవం ఉన్న పండితుల్లో ఒకరైన తఖీ ఉస్మానీ, మార్కెట్లో ఉన్న సుకూక్ అనే ఇస్లామిక్ బాండ్లలో ఎక్కువ భాగం అసలు సొమ్ముకు హామీ ఇస్తున్నాయి కాబట్టి షరియాకు (ఇస్లామిక్ ధర్మశాస్త్రానికి) సరిపోవని బహిరంగంగా అన్నారు. ఈ విమర్శ లోపలివాళ్లే చేశారన్నది గమనించాలి.

బయటి పరిశోధన కూడా అదే దిక్కులో ఉంది. మలేషియా ఇస్లామిక్ డిపాజిట్ల మీద చాంగ్, లియూ 2009లో చేసిన అధ్యయనంలో, వాటి రాబడి మామూలు బ్యాంకుల వడ్డీరేట్ల వెంటే నడుస్తోందనీ, లాభనష్టాల పంపకం మీద ఇచ్చిన సొమ్ము నామమాత్రమనీ తేలింది. ఆర్థిక చరిత్రకారుడు తైమూర్ కురాన్ అయితే ఈ శాస్త్రమే 20వ శతాబ్దపు గుర్తింపు రాజకీయాల నుంచి వచ్చిందంటారు. ఆ వాదన నాకు పూర్తిగా సరైనదనిపించదు. పాత న్యాయశాస్త్రంలో ఒప్పందాల మీద అంత సూక్ష్మమైన చర్చ ఉండగా అదంతా కొత్త కల్పన అనలేం. ఇంకో వైపు 2008 సంక్షోభంలో ఇస్లామిక్ బ్యాంకులు మూలధనంలో, అప్పుల నాణ్యతలో మామూలు బ్యాంకులకన్నా మెరుగ్గా నిలిచాయని 2013లో వచ్చిన పెద్ద అంతర్జాతీయ పోలిక చెప్పింది.

బ్యాంకులు భాగస్వామ్యానికి ఎందుకు దిగవు? రైతు నిజంగా నష్టపోయాడా, లాభం దాచాడా అని కనిపెట్టడం బ్యాంకుకు కష్టం. డిపాజిటర్లు కూడా నష్టంలో వాటాకు ఒప్పుకోరు. ఇది డబ్బున్నవాళ్ల స్వభావం గురించి చెబుతుందే తప్ప ఆలోచన తప్పని రుజువు చేయదు. ఇస్లామిక్ న్యాయశాస్త్రం ప్రతిచోటా నష్టం పంచుకోమంటుందని కూడా అనుకోకూడదు. పొలాన్ని రొక్కం కౌలుకు ఇవ్వడం ఎక్కువమంది పండితుల దృష్టిలో అనుమతే. తుపానుకు పంట పోయినా ఎకరాకు ఇంత అని కట్టాల్సిందే అంటే భారం కౌలుదారుదే. విచిత్రంగా, పంటలో వాటా తీసుకునే పద్ధతిని అబూ హనీఫా ఒప్పుకోలేదు. ఆయన శిష్యులు అబూ యూసుఫ్, ముహమ్మద్ షైబానీ ఒప్పుకున్నారు, ప్రవక్త ఖైబర్ భూముల్ని సగం పంటకు సాగుకిచ్చారన్న ఆధారంతో. తర్వాతి హనఫీలు శిష్యుల మాటనే పట్టుకున్నారు.

మన చీటీలు, మన పొగాకు, మన మోసాలు

దేశంలో ఇస్లామిక్ బ్యాంకు లేదు. 1949 నాటి బ్యాంకింగ్ నియంత్రణ చట్టం బ్యాంకులు సరుకులు కొని అమ్మడాన్ని నిషేధిస్తోంది, కాబట్టి మురాబహాకే దారి లేదు. 2008లో రఘురామ్ రాజన్ కమిటీ వడ్డీలేని బ్యాంకింగ్‌కు వీలు కల్పించాలని సిఫారసు చేసింది. 2017లో రిజర్వ్ బ్యాంకు ఆ ప్రతిపాదనను ముందుకు తీసుకెళ్లబోమని చెప్పేసింది.

చట్టబద్ధంగా మిగిలింది షేర్ మార్కెట్. షరియా సూచీల్లోకి కంపెనీని తీసుకునే ముందు వ్యాపారం ఏమిటో చూస్తారు. మద్యం, జూదం, మామూలు బ్యాంకులు, పంది మాంసం, పొగాకు తీసేస్తారు. తర్వాత కంపెనీ అప్పులు మూడోవంతుకు అటూఇటూగా ఉండే పరిమితి దాటకూడదు, వడ్డీ లాంటి ఆదాయం అయిదు శాతం లోపలే ఉండాలి, ఆ కాస్తనూ లెక్కగట్టి దానం చేయాలి. ఇక్కడ మన ప్రాంతానికి ఒక ఇబ్బందికరమైన ప్రశ్న ఎదురవుతుంది. టంగుటూరు, కొండపి, పొదిలి, కనిగిరి వేలం కేంద్రాలకు వచ్చే పొగాకు బేళ్లతో బతికే కుటుంబాల్లో ముస్లింలూ ఉన్నారు. సిగరెట్ కంపెనీ షేరు కొనొద్దని పట్నంలో జీతగాడికి చెప్పడం తేలిక. అదే సూత్రం తేలిక నేలల్లో ఇంకో పంటకు నీళ్లు లేని రైతు దగ్గర ఏమవుతుంది? ముంబయి సూచీ తయారుచేసేవాళ్లు ఈ ప్రశ్న అడగరు. ప్రత్యామ్నాయ పంటకు పెట్టుబడి ఎవరిస్తారో చెప్పకుండా హరామ్ అని తేల్చడం రైతుకు న్యాయం కాదు.

చీటీల సంగతి ఇంకా దగ్గరిది. పాట చీటీలో డబ్బు అవసరం ఉన్నవాడు తగ్గించి పాడి తీసుకుంటాడు, ఆ తగ్గింపు మిగతావాళ్లకు పంచుతారు. కట్టేది ఎక్కువ, తీసుకునేది తక్కువ కాబట్టి పండితులు దీన్ని రిబా అంటారు. పాట లేకుండా చీటీ తీసి వంతులవారీగా ఇచ్చేదాంట్లో అందరూ కట్టింది కట్టినట్టే తీసుకుంటారు. అది అనుమతే, ఒకరికొకరు వడ్డీలేని అప్పు ఇచ్చుకున్నట్టు. నగల షాపుల్లో నెలనెలా కట్టే స్కీముల మీద మాత్రం చాలామంది అభ్యంతరం చెబుతారు. బంగారం బేరం చేతికి చేయి జరగాలన్న హదీసు దీనికి మూలం.

అన్నిటికంటే బాధపెట్టేది మోసాల సంగతి. 2018లో హైదరాబాద్ కేంద్రంగా ఉన్న హీరా గ్రూపు మీద కేసులు పడ్డాయి. 2019 జూన్‌లో బెంగళూరు ఐఎంఏ కుప్పకూలింది. దాని అధిపతి దుబాయ్ వెళ్లిపోయి, జులైలో తిరిగొచ్చినప్పుడు అరెస్టయ్యాడు. వేలమంది డిపాజిటర్లు, ఎక్కువగా మధ్యతరగతి, పేద ముస్లింలు, కూతురి పెళ్లికి దాచినవీ గల్ఫ్ నుంచి పంపినవీ పోగొట్టుకున్నారు. బ్యాంకు వడ్డీ హరామ్ అన్న భయమే వాళ్లను అక్కడికి తోసింది. ఇలాంటి పథకాల ఎర ఒకటే, ‘హలాల్ లాభం’ పేరుతో నెలనెలా ఇంత అని ఆశ పెట్టడం. ముదారబా నియమం తెలిసినవాళ్లు అక్కడే ఆగిపోవాలి. లాభం ఇంత వస్తుందని ముందే హామీ ఇస్తే, అసలుకు ఢోకా లేదంటే, అది ముదారబా కాదు. షరియా పేరు పెట్టిన వడ్డీ, లేకపోతే మోసం. ‘నష్టం వస్తే నా వాటా ఎంత, కిందటేడు ఏ వ్యాపారంలో ఎంత వచ్చింది, ఆడిటర్ సంతకం ఎక్కడ’ అని అడగండి. అడిగితే విశ్వాసం లేదంటారేమో అనుకోవద్దు. అప్పు తీసుకుంటే రాసుకోమని, సాక్షుల్ని పెట్టుకోమని ఖురాన్‌లోని అతి పొడవైన ఆయత్ (2:282) చెబుతోంది. 2019లోనే అనుమతిలేని డిపాజిట్ పథకాల నిషేధ చట్టం వచ్చింది. ఫిర్యాదు చేయడానికి రిజర్వ్ బ్యాంకు సచేత్ వెబ్‌సైట్ ఉంది.

నిజంగా పనికొచ్చేది చిన్నగా, దగ్గరగా నడిచే సహకార సంఘం. మన రాష్ట్రంలో 1995 నాటి పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం అందుకు వీలిస్తుంది. సభ్యుల పొదుపు నుంచి సభ్యులకే వడ్డీలేని అప్పు, నడిపే ఖర్చుకు రుసుము. ఆ రుసుము అప్పు మొత్తాన్ని బట్టి శాతంలా పెరిగితే అది వడ్డీయే. గుమస్తా జీతం, అద్దె, కాగితం ఖర్చును అప్పుల సంఖ్యతో భాగించి ఖరారు చేస్తే సరైనది. తోపుడుబండివాడు పది వేలకు రోజువారీ వడ్డీ కడుతున్న ఊళ్లో ఇలాంటి సంఘం ఒక్కటి చేసే మేలు, ఎన్ని ప్యాకెట్ల మీద ముద్ర వేసినా రాదు.

ఇక జకాత్ గురించి ఒక మాట, ఎందుకంటే రైతుల దగ్గర ఇది ఎప్పుడూ సగమే చర్చకు వస్తుంది. బంగారం, నగదు, వ్యాపార సరుకు మీద 40వ వంతు అని అందరికీ తెలుసు. పంట మీద ఇచ్చే వాటా, ఉష్ర్, వేరు. వాన మీద పండితే పదో వంతు, ఖర్చు పెట్టి నీళ్లు పారించి పండిస్తే ఇరవయ్యో వంతు. మెట్ట రైతుకు, బోరు కింద మోటారు నడిపే రైతుకు లెక్క వేరన్నమాట, ఖర్చు పెరిగినకొద్దీ వాటా తగ్గుతుంది. మన దేశపు భూములకు ఉష్ర్ వర్తిస్తుందా అన్న దానిపై పండితుల్లో భేదాలున్నాయి. రొయ్యల గుంటను చాలామంది వ్యాపార సరుకుగా చూసి 40వ వంతు అంటారు. కౌలుకిచ్చిన పొలంలో ఉష్ర్ యజమానిదా, సాగుదారుదా? అబూ హనీఫా యజమానిదే అన్నారు. శిష్యులిద్దరూ పంట ఎవరి ఇంటికి చేరితే వాళ్లదన్నారు. కౌలు ఎంత గుంజుతున్నారో చూసి, రైతుకు మిగిలేది కొంచెమే అయితే యజమానే ఇవ్వాలన్న తర్వాతి పండితులూ ఉన్నారు.